పానశాలనుండి రంగశాలకు: లండను మ్యూజిక్ హాళ్ళ కథ

1852వ సంవత్సరము మే నెల 17వ తేదీన లండను నగరములో, థేమ్సు నదికి దక్షిణముననున్న లాంబెత్ పేటలో, కాంటర్‌బరీ ఆర్మ్స్ అను పానశాల వెనుక ఒక క్రొత్త హాలు తెరువబడెను. అంతకుముందు ఆ స్థలమున, బంతిని దొర్లించి కొయ్యగుంజలను పడగొట్టు ఆటకై యేర్పరచిన పొడుగాటి సావడి యుండెడిది. పానశాల యజమానియైన చార్లెస్ మార్టన్ దానిని తీసివేసి సుమారు 700 మంది కూర్చుండుటకు వీలైన హాలు కట్టించెను. లోపలికి పోవుటకు 6 పెన్నీలు. ఆ పైకమునకు ఇచ్చిన చీటీని చూపినచో అంతే విలువగల పానీయమో ఫలహారమో లభించును. అనగా పాటకు వేరుగ వెల లేదు. త్రాగువానికి పాట ఉచితమనవలెనా, పాట వినగోరువాడు త్రాగక తప్పదనవలెనా? ఆ పాటకు నిజముగ వెల చెల్లించుచున్నదెవరు? ఇంగ్లండు దేశము ఈ ప్రశ్నతో 60 ఏండ్లు పెనగులాడినది. మ్యూజిక్ హాళ్ళ చరిత్రలో ముఖ్యభాగమంతయు ఆ పెనుగులాటయే యని నా అభిప్రాయము.

మ్యూజిక్ హాలు అన్నంతనే మనకు చెన్నపట్నపు గానసభలు జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని అచ్చట వరుసగ కూర్చుండి తొడపై తాళము వేయు శ్రోతలు లేరు. బల్లలు, బల్లలపై బీరుపాత్రలు, చుట్టల పొగ, వీని నడుమ పళ్ళెములతో తిరుగు పరిచారకులు, ఒక చివర చిన్న వేదిక. వేదికపై గాయకుడొకడు పాడిపోవును, పిమ్మట గారడివాడు, ఆ పిమ్మట మోకుపై నడచువారు, తర్ఫీదైన కుక్కలు, పెదవి కదపకుండ బొమ్మచేత మాటలాడించువాడు, కొయ్యచెప్పుల నాట్యము, మరల నొక హాస్యగీతము. ఈ కలగూరగంపకే ఇంగ్లీషువారు ‘వెరైటీ’ యని పేరు పెట్టిరి. మన పల్లెలలో హరికథ జరుగు పందిరి ఒక దిక్కున, కల్లుపాక మరియొక దిక్కున ఉండెడివి. రెండుచోట్లకును పోవువారు ఉండవచ్చును గాని, ఆ రెంటిని ఒకే కప్పుక్రింద చేర్చు అలవాటు సాధారణముగ లేదు. లండనులో అట్లు చేరుటకు కారణము జనుల అభిరుచికంటె ఎక్కువగ అచ్చటి చట్టములే.

1737లో పార్లమెంటు నాటకములపై కట్టుదిట్టమైన శాసనము చేసెను. సంభాషణలతో కూడిన నాటకమును లండనులో ఆడు హక్కు డ్రూరీ లేన్, కొవెంట్ గార్డెన్ అను రెండు రాజాజ్ఞ పొందిన రంగశాలలకే మిగిలెను. 1751 నాటి మరియొక శాసనము ప్రకారము, లండనులోను దాని చుట్టుప్రక్కల 20 మైళ్ళలోను సంగీతముగాని నృత్యముగాని జరుపు ప్రతి వినోదగృహమును మేజిస్ట్రేట్లనుండి లైసెన్సు పొందవలసివచ్చెను. నాటకమునకు తలుపు మూసి, పాటకు మాత్రము కిటికీ తెరచియుంచినట్లయ్యెను. పానశాలవారు ఆ కిటికీనుండి దూరిరి. 1830లో వచ్చిన బీరు చట్టము వారి సంఖ్యను పెంచెను. జిన్ను అను ఘాటైన సారాయినుండి జనులను బీరువైపు మరలింపదలచిన ప్రభుత్వము, 2 గినీలు చెల్లించిన ప్రతి గృహస్థునకు తన యింటనే బీరు అమ్ముకొను హక్కునిచ్చెను. వీధివీధిని బీరు ఇండ్లు వెలసినవి. ఇరుగుపొరుగు దుకాణములలో దొరకునది ఒకే బీరైనప్పుడు వాడుకగాండ్రను తనవైపు లాగుటకు యజమాని యేమి చేయగలడు? ఒక మూల పియానో నుంచి, పాడగలవాని నొకనిని కూర్చుండబెట్టెను.

నగరము నడిబొడ్డున మరియొక తరగతి పానశాలలు ఉండెను. కొవెంట్ గార్డెన్ దగ్గర ఎవాన్స్, మెయిడెన్ లేనులో సైడర్ సెల్లర్స్, స్ట్రాండు వీధి చెంత కోల్ హోల్ అనునవి పేరుమోసినవి. అచ్చట అర్ధరాత్రి భోజనము, మద్యము, పాట. స్త్రీలకు ప్రవేశము లేదు. న్యాయవాదులు, పత్రికారచయితలు, పెద్దయింటి కుఱ్ఱవాండ్రు అచ్చటికి చేరెడివారు. పాటలన్నియు ఇంటివద్ద పాడదగినవి కావు. 1840 తరువాతి దశాబ్దములో డబ్ల్యు. జి. రాస్ అను గాయకుడు సైడర్ సెల్లర్సులో ‘సామ్ హాల్’ అను పాట పాడి నగరమునెల్ల ఆకర్షించెను; అది ఉరికంబమెక్కబోవు ఒక పొగగొట్టములు తుడుచువాని శాపనార్థముల పాట. నవలాకారుడైన థాకరే తన ‘న్యూకమ్స్’లో ఇట్టి తావునొకదానిని వర్ణించెను. భారతదేశమునుండి సెలవుపై వచ్చిన కర్నల్ న్యూకమ్ తన బాలునితో అచ్చటికి పోయి, ఒక త్రాగుబోతు బూతుపాట ఎత్తుకొనగానే, మండిపడి అందరిని చీవాట్లు పెట్టి, బాలుని చేయి పట్టుకొని వెలుపలికి నడచెను. మన దేశమున నౌకరీ చేసిన సైనికోద్యోగిని ఆ ఘట్టమున నిలుపుటలో థాకరే చమత్కారము కలదు. స్వదేశము మారినదని గ్రహింపనివాడు ఆ పెద్దమనిషి యొక్కడే.

1843లో పార్లమెంటు పాత కట్టుబాటును సడలించెను. రెండు రంగశాలల గుత్తాధిపత్యము తొలగినది. కాని ఆ క్రొత్త చట్టమే పానశాల యజమానులను రెండు దారుల కూడలిలో నిలిపెను. రంగశాలగ మారదలచినవారు లార్డ్ ఛాంబర్లెన్ అను రాజోద్యోగి అనుమతితో నాటకములాడవచ్చును. కాని ప్రేక్షకులు కూర్చుండుచోట త్రాగుడు, పొగ పనికిరావు. మేజిస్ట్రేటు లైసెన్సుతోనే ఉండదలచినవారికి త్రాగుడు, పొగ, పాట, నాట్యము అన్నియు చెల్లును. నాటకము మాత్రము చెల్లదు. పలువురు లెక్క చూచుకొని, నాటకము లేకున్న బ్రతుకవచ్చును గాని బీరు లేకున్న బ్రతుకలేమని తేల్చుకొనిరి. వేదికపై ఇద్దరు నిలబడి నాలుగు మాటలాడుకొన్నచో అది నాటకమగునా కాదా యని ఆ తరువాత కోర్టులలో వ్యాజ్యములు నడచినవి. ఒక కళారూపమునకు ఎల్లలు గీచినది కళాకారులు కారు, ఎక్సైజు లెక్కలు చూచుకొన్న వ్యాపారులును న్యాయాధికారులును అనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నాకు కనబడలేదు.

మార్టన్ చేసిన పనిని ఈ వెలుగులో చూడవలెను. ఆయన మొదటివాడు కాడు. బోల్టన్ వంటి ఉత్తరదేశపు మిల్లు పట్టణములలో పెద్ద పాటసావడులు అంతకుముందే ఉండెను. అయినను ‘మ్యూజిక్ హాళ్ళ తండ్రి’ యను బిరుదు ఆయనకే దక్కెను. కారణము, ఆయన స్త్రీలకు తలుపు తెరచెను. భార్యతో వచ్చినవాడు గొడవపడడు, మర్యాదగ కూర్చుండును, మరల వచ్చును. చిన్న దుకాణదారులు, చేతిపనివారు కుటుంబములతో రాసాగిరి. కొలది సంవత్సరములలోనే హాలు చాలక, పాతదానిలో ఆటపాటలు సాగుచుండగనే దానిచుట్టును గోడలు లేపి, 1,500 మంది పట్టు క్రొత్త హాలును కట్టించెనట. ప్రక్కనే చిత్రశాల నొకదానిని నెలకొల్పెను. ‘పంచ్’ అను హాస్యపత్రిక దానికి ‘ఏటి ఆవలి రాయల్ అకాడమీ’ యని పేరు పెట్టి పరిహసించినదందురు. గూనో రచించిన ‘ఫౌస్టు’ సంగీతనాటకభాగములను ఇంగ్లండులో మొదట వినిపించినది ఈ పానశాలయే యని కూడ చెప్పుదురు. 1861లో మార్టన్ నది దాటి ఆక్స్‌ఫర్డ్ వీధిలో, పాత సత్రమొకటి ఉండిన స్థలమున ‘ఆక్స్‌ఫర్డ్’ మ్యూజిక్ హాలును తెరచెను. అప్పటికే హోబర్న్‌లో వెస్టన్ హాలు నడుచుచుండెను. నగరపు నడివీధులకు మ్యూజిక్ హాలు వచ్చి చేరెను.

అట్టి హాలులో ఒక రాత్రి యెట్లుండెడిదో ఊహించుకొనవలెనన్న ముందుగ అధ్యక్షుని చూడవలెను. వేదికక్రింద, వేదికకు వీపు పెట్టి, జనులకు అభిముఖముగ ఒక బల్లవద్ద ఆయన కూర్చుండును. మంచి కోటు, చొక్కాపై పూవు, చేతిలో కొయ్యసుత్తి. సుత్తితో బల్లపై కొట్టి రాబోవు గాయకుని పేరు చాటును. అల్లరిచేయువారిని హాస్యోక్తితో అణచును. పాట నచ్చక కేకలు వేసినచో సుత్తి మోతతో సద్దుమణచును. పాట పల్లవి వచ్చినప్పుడు అందరిచేతను పాడించును. ఆయన బల్లవద్ద కూర్చుండి ఆయనకు పానీయమిప్పించుట పేటలోని పడుచువాండ్రకు గొప్ప గౌరవము. ఆయన ఎంత త్రాగిన యజమానికి అంత లాభము. కళావేదికకును మద్యపు బల్లకును మధ్య వంతెన ఆయనయే.

ఇక పాట. వాద్యములు బిగ్గరగ లేవు, ధ్వనివర్ధక యంత్రములు లేవు. పాత్రల చప్పుడు, పరిచారకుల కేకలు, వెనుక బాల్కనీలో నవ్వులు. ఇన్నింటిని మించి వినబడవలెనన్న గాయకునకు గొంతుకకంటె ముఖ్యమైనది మాటలోని స్పష్టత. పాట కథ చెప్పవలెను. కథలో అద్దె చెల్లింపలేక రాత్రికిరాత్రి సామానుతో పారిపోవు కుటుంబము, అత్తగారు, తాకట్టుకొట్టు, పోలీసువాడు ఉండవలెను. పల్లవి ఒకసారి విన్నంతనే నోటికి రావలెను. రెండవసారి పల్లవిని గాయకుడు పాడనక్కరలేదు, హాలంతయు పాడును. ఒక గాయకుడు ఒకే రాత్రి మూడు నాలుగు హాళ్ళలో పాడెడివాడు. వేషము విప్పకుండనే బండియెక్కి ఒక హాలునుండి మరియొక హాలునకు పరుగెత్తుట పేరుపొందినవారికి నిత్యకృత్యము.

వారిలో జార్జ్ లేబోర్న్ కథ ప్రత్యేకముగ చెప్పదగినది. అతడు ఉత్తరదేశపు యంత్రకార్మికుడు. 1866లో అతడు ‘షాంపేన్ చార్లీ’ అను పాటతో లండనును ముంచెత్తెను. పొడుగైన టోపీ, ఖరీదైన కోటు, చేత సీసా. తెల్లవారువరకు షాంపేను త్రాగు విలాసపురుషుని వేషము. వారమంతయు కర్మాగారమున ఒళ్ళు విరుచుకొన్నవాడు శనివారము రాత్రి ఆ పాట పాడుచు తానును విలాసపురుషుడే యనుకొనెను. మద్యవ్యాపారులకు ఇంతకంటె చవుక ప్రకటన యేమి కావలెను? వారు లేబోర్నుకు సీసాలు సమకూర్చిరి. అతడు వానిని అందరియెదుట త్రాగవలెను. అతని పోటీదారుడైన ఆల్‌ఫ్రెడ్ వాన్స్ వేరొక షాంపేను పేరుతో పాట కట్టి ఎదురు నిలిచెను. కాంటర్‌బరీ హాలును తరువాత నడిపిన విలియం హాలండ్ లేబోర్నుతో చేసికొన్న ఒడంబడిక ప్రకారము అతడు వీధిలోకూడ ఆ వేషముతోనే, నాలుగు గుఱ్ఱముల బండిలో తిరుగవలెను. వేషమునకును మనిషికిని నడుమనున్న గీత చెరిగిపోయెను. 1884లో లేబోర్న్ 42 ఏండ్ల వయసుననే మరణించెను. చేతిలో ధనము మిగులలేదు. విచిత్రమేమనగా, త్రాగుడు మాన్పింప బయలుదేరిన సాల్వేషన్ ఆర్మీవారు ఆ పాట వరుసనే తీసికొని భక్తిగీతము కట్టుకొని వీధులలో పాడిరి.

ఇది ఒక్క లేబోర్ను దురదృష్టము కాదు. మన పట్టణములలోని సినిమాహాళ్ళలోకూడ అందరిని నవ్వించిన చార్లీ చాప్లిన్ ఈ లోకమున పుట్టినవాడే. అతని తల్లి, తండ్రి ఇరువురును మ్యూజిక్ హాలు గాయకులు. కళాకారుడు తన వంతు ముగియగనే పోరాదనియు, హాలులోని బారువద్దకు వచ్చి వచ్చినవారితో కలిసి త్రాగవలెననియు యజమానులు ఆశించెడివారనియు, కొన్ని హాళ్ళకు టిక్కెట్లకంటె బారునుండియే ఎక్కువ లాభము వచ్చెడిదనియు చాప్లిన్ తన ఆత్మకథలో వ్రాసెను. పెద్ద జీతములు పొందిన గాయకులు ఆ సొమ్ములో చాల భాగమును ఆ బారులోనే వదలెడివారు. చాప్లిను తండ్రి 1901లో, 40 ఏండ్లు నిండకుండగనే, త్రాగుడువలన చనిపోయెను. తల్లి గొంతు ఆల్డర్‌షాట్ సైనికుల క్యాంటీనులో వేదికపైననే పోయినప్పుడు, 5 ఏండ్ల చార్లీని ఆమెకు బదులుగ ముందుకు నెట్టిరి. అదియే అతని మొదటి ప్రదర్శన. పాటకు వెల చెల్లించువాడెవడన్న ప్రశ్నకు ఒక సమాధానము ఈ కుటుంబములో కలదు.

హాళ్ళ ప్రభావము పాటలతోనే ఆగలేదు. 1877-78లో రష్యా, టర్కీలు పోరాడుచున్నప్పుడు జి. హెచ్. మెక్‌డెర్మట్ అను గాయకుడు లండన్ పెవిలియన్ హాలులో యుద్ధోత్సాహగీత మొకటి పాడెను. ఆ పాటలోని ‘జింగో’ అను ఊతపదమునుండియే దురహంకారపు దేశాభిమానమునకు ‘జింగోయిజము’ అను పేరు ఇంగ్లీషులో నిలిచిపోయెను. బీరు బల్లవద్ద పుట్టిన మాట నిఘంటువులకెక్కెను.

ఇట్టి శక్తిని చూచి సంస్కర్తలు కలతపడుట సహజమే. వారిలో ఎమ్మా కాన్స్ అను ఆమెను నేను ప్రత్యేకముగ గౌరవింతును. ఏలనన ఆమె తిట్టి ఊరకుండలేదు, ప్రయోగము చేసి చూచెను. బీదల ఇండ్ల సంరక్షణ చేయుచున్న ఆమె, త్రాగుడువలన కుటుంబములు పాడగుట కండ్లార చూచినది. 1880 డిసెంబరులో లాంబెత్ ప్రాంతమునందలి రాయల్ విక్టోరియా నాటకశాలను తీసికొని ‘కాఫీ మ్యూజిక్ హాలు’గ తెరచెను. పాట ఉండును, గారడీ ఉండును, హాస్యముండును. బీరుకు బదులు కాఫీ, టీ. జనులు రాకపోలేదు. కాని ఆదాయము సరిపోలేదు. సామ్యుయెల్ మార్లీ అను మిల్లుయజమాని వంటి దాతల సొమ్ము లేనిచో అది మూతబడెడిదే. బీరు లేని పాట తనంతట తాను బ్రతుకలేదని ఆ హాలు లెక్కపుస్తకములు చాటినవి. అయినను ఎమ్మా కాన్స్ విడువలేదు. పెన్నీకి ఒక విజ్ఞానోపన్యాసము పెట్టించెను. దానినుండి పనివారి కళాశాల పుట్టెను. ఆమె మేనగోడలు లిలియన్ బేలిస్ చేతిలో అదే భవనము ‘ఓల్డ్ విక్’ అను పేర షేక్స్‌పియరు నాటకములకు ప్రపంచప్రసిద్ధమయ్యెను.

సంస్కర్తలకంటె గట్టి దెబ్బ అగ్నిభయమువలన వచ్చెను. 1878 నాటి చట్టము ప్రకారము హాళ్ళు భద్రతా యోగ్యతాపత్రము పొందవలెను. వేదికకును ప్రేక్షకులకును నడుమ మంటకు ఆగు గోడ ఉండవలెను. పానశాల వెనుకగదులలో నడుచుచున్న చిన్న హాళ్ళకు ఆ ఖర్చు భరింపరానిదై పలువురు తలుపులు మూసికొనిరి. మిగిలినవారు పెద్దవారైరి.

ఇచ్చట విల్టన్ హాలు ముచ్చట చెప్పవలెను. లండను తూర్పుపేటలో, రేవు దాపున, గ్రేసెస్ ఆలీ అను సందులో జాన్ విల్టన్ 1859లో ఒక పానశాల వెనుక దీనిని కట్టించెను. ముందు పాత ఇండ్లు, వాని వెనుక దాగిన పొడుగాటి హాలు; మెలితిరిగిన సన్నని ఇనుపస్తంభములపై బాల్కనీ; కప్పునుండి వ్రేలాడు గ్యాసుదీపముల గుత్తి. పానశాల లోపల కొయ్యపని ఎఱ్ఱని మహోగనీతో చేయుటచేత దానికి ‘మహోగనీ బార్’ అని పేరు. ఓడలు దిగిన నావికులు అచ్చట జీతము వదలిపోయెడివారు. 1877లో అది కాలిపోయి, మరుసటి యేడు మరల కట్టబడినను, ఎక్కువకాలము నడువలేదు. 1888లో మెథడిస్టు మిషనువారు ఆ భవనమును కొని, మద్యము పోసిన చోటనే మద్యవ్యతిరేక ప్రసంగములు చేసిరి. మరుసటి సంవత్సరమే లండను రేవు కూలీలు పెద్ద సమ్మె చేసినప్పుడు, వారికి దినమునకు వేయి భోజనములవరకు ఆ హాలునందు పెట్టిరని చెప్పుదురు. తాము పాడుచు త్రాగిన బల్లలుండిన చోటనే పస్తులతో వచ్చిన కూలీలు గంజి త్రాగిరి.

1889లో ఏర్పడిన లండన్ కౌంటీ కౌన్సిలు హాళ్ళ లైసెన్సులను తన చేతిలోనికి తీసికొనెను. తనిఖీదారులు హాళ్ళలో కూర్చుండి పాటలలోని ద్వంద్వార్థములను వ్రాసికొని పోయెడివారు. ఆ నివేదికలను చదువునప్పుడు జాలి కలుగును. కన్ను గీటుటను కాగితముపై వ్రాయుట ఎట్లు? 1894లో లీసెస్టర్ స్క్వేరునందలి ఎంపైర్ హాలుపై ఆర్మిస్టన్ చాంట్ అను సంస్కర్త్రి అభియోగము తెచ్చెను. ఆ హాలు బాల్కనీ వెనుక నడవలో వేశ్యలు విటులకై తిరుగుచున్నారనియు, దానికి మద్యపు బారు తోడగుచున్నదనియు ఆమె వాదము. కౌన్సిలు అంగీకరించెను. బారులకు అడ్డముగ గుడ్డ తెరలు కట్టబడెను. ఆ నవంబరు నెలలో ఒక శనివారము రాత్రి పడుచువాండ్ర గుంపు చేతికఱ్ఱలతో ఆ తెరలను చింపివైచెను. ఆ గుంపునకు ఉపన్యాసమిచ్చినవారిలో 19 ఏండ్ల సైనికవిద్యార్థి విన్‌స్టన్ చర్చిల్ కలడు. ఆయనయే దానిని తన స్వీయచరిత్రలో గొప్పగ చెప్పుకొనెను. తరువాతి ఏండ్లలో కౌన్సిలు క్రొత్త హాళ్ళకు మద్యపు అనుమతి నిచ్చుట మానుకొనెను.

అయిన హాళ్ళు బ్రతికినదెట్లు? ఎమ్మా కాన్స్ చేయలేనిదానిని వ్యాపారులు చేసిరి. ఎడ్వర్డ్ మాస్, ఆస్వాల్డ్ స్టాల్ వంటివారు దేశమంతటను ‘ఎంపైర్’ అను పేర హాళ్ళ గొలుసులను నిర్మించిరి. బల్లలు తీసివేసి, వరుసకుర్చీలు నేలకు బిగించిరి. రాత్రికి రెండాటలు వేసిరి. మొదటి ఆటవారు వెడలిపోగా రెండవ ఆటవారు లోపలికి వచ్చెదరు. కావున ప్రతి గాయకునకును నిమిషములు లెక్కింపబడెను. అధ్యక్షుని బల్ల మాయమై, అతని స్థానమున అంకెలు చూపు పలక నిలిచెను. 1904లో స్టాల్ లండనులో తెరచిన కొలీజియమునందు 2,000కు పైగ ఆసనములు, తిరుగుడు వేదిక కలవు. ఇప్పుడు పాటకు టిక్కెట్టే వెల. కుటుంబములు నిర్భయముగ వచ్చినవి. ఇది లాభమే. కాని త్రాగుడు లాభము పోయిన మేరకు యజమాని ఆ లోటును పాడువాని శ్రమనుండి పిండుకొనసాగెను. మధ్యాహ్నపు ఆటలకు వేరుగ జీతము లేదు. ఒక హాలులో పాడినవాడు చుట్టుప్రక్కల హాళ్ళలో కొన్ని నెలలవరకు పాడరాదని ఒడంబడికలలో నిబంధన.

1907 జనవరిలో కళాకారులు సమ్మె చేసిరి. అంతకు ముందు సంవత్సరమే ‘వెరైటీ ఆర్టిస్టుల సమాఖ్య’ యేర్పడియుండెను. వేదికపై నవ్వించువారు హాళ్ళ ముందు కరపత్రములు పంచిరి. వేదిక వెనుక పనివారును, వాద్యకారులును తోడైరి. ఆ రోజులలో లండను జనులకు ఆరాధ్యురాలైన మేరీ లాయిడ్ సమ్మెవైపు నిలిచెను. తనవంటివారు తమకు కావలసిన షరతులను తామే సాధించుకొనగలరనియు, వారమునకు కొలది షిల్లింగులతో బ్రతుకు చిన్నవారికొరకే ఈ పోరాటమనియు ఆమె చెప్పినట్లు ప్రసిద్ధి. ప్రభుత్వపక్షమున జార్జ్ ఆస్క్విత్ మధ్యవర్తియై వినెను. ఆయన తీర్పువలన అదనపు ఆటలకు జీతము, ఒడంబడికలకు ఒక క్రమము ఏర్పడెను.

మేరీ లాయిడ్ 1870లో హాక్స్‌టన్ పేటలో పుట్టెను. ఆమె తండ్రి ఈగిల్ అను పానశాలలో పరిచారకుడు. ఆ పానశాలకు చేరిన గ్రీషియన్ హాలులోనే ఆమె 1885లో మొదటిసారి పాడెను. తండ్రి గ్లాసులు అందించినచోట కూతురు పాట వినిపించినది. ఆమె పాటలలో మాట నిర్దోషము. దోషమంతయు కనుబొమ్మలో ఉండెడిది. 1912 జులై 1వ తేదీన ఐదవ జార్జి రాజు పాలెస్ థియేటరులో వెరైటీ ప్రదర్శనను చూచుటకు వచ్చెను. పానశాల వెనుకనుండి బయలుదేరిన కళకు రాజసన్మానము జరిగిన దినమది. మేరీ లాయిడ్‌కు ఆహ్వానము లేదు. ఆమె వద్దనియే ఆ సన్మానమునకు నిబంధనయైనట్లున్నది. పురుషవేషమున పాడిన వెస్టా టిల్లీని చూడలేక రాణి ముఖము త్రిప్పుకొనెనని కూడ ఒక ముచ్చట కలదు. 1914లో కౌంటీ కౌన్సిలు లండను హాళ్ళలో ప్రేక్షకులు కూర్చుండుచోట మద్యమును పూర్తిగ నిషేధించెను. 1843లో పానశాలలు వదలుకొనని బీరు 71 ఏండ్లకు వానినుండి తొలగింపబడెను.

అప్పటికే మరియొక అతిథి లోపల కూర్చుండియుండెను. 1896 మార్చిలో ఎంపైర్, అల్హాంబ్రా హాళ్ళు కదలుబొమ్మలను ఒక అంశముగ చూపినవి. పది నిమిషముల వింతగ వచ్చిన ఆ అతిథి ఇంటివాడై, ఇంటివారిని వెడలగొట్టెను. 1922 అక్టోబరులో మేరీ లాయిడ్ ఎడ్మంటన్ హాలులో వేదికపై తూలిపడి, మూడు దినములకు మరణించెను. జనులు ఆ తూలుటను వేషములో భాగమనుకొని నవ్విరి. ఆమె అంత్యయాత్రకు వేలకొలది జనులు వచ్చిరి. కవి టి. ఎస్. ఎలియట్ ఆమెపై ఒక వ్యాసము వ్రాయుచు, హాలులో పల్లవి కలిపిన కార్మికుడు తానును ఆ కళలో పాలుపంచుకొన్నాడనియు, సినిమా ముందు అతడు ఊరక చూచువాడుగ మిగులుననియు విచారించెను. బీరును మాన్పించుటలోనే కొంత, కుర్చీలను నేలకు బిగించుటలోనే మిక్కిలి, ఆ పాలు ముందే తగ్గినదని నేననుకొందును.

ఆమె మరణించిన మరుసటి నెలలోనే బి.బి.సి. ప్రసారములు ప్రారంభమయ్యెను. పాట ఇంటిలోనే వినబడినచో టిక్కెట్టు కొనువారెవరని భయపడి హాళ్ళ యజమానులు తమ కళాకారులు రేడియోలో పాడరాదని మొదట కట్టడి చేసిరి. కట్టడి నిలువలేదు. కాని స్టూడియోలో హాస్యగాండ్రకు మరియొక చిక్కు ఎదురయ్యెను. నిశ్శబ్దముగ నున్న గదిలో మైకు ముందు నిలబడి ఛలోక్తి విసిరిన, ఎంతసేపు ఆగి రెండవది విసరవలెనో తెలియదు. నవ్వు వినబడనిదే వారి తాళము తప్పును. కావున 1933లో బి.బి.సి.వారు సెయింట్ జార్జెస్ హాలును తీసికొని, ప్రేక్షకులను పిలిచి కూర్చుండబెట్టి, ఆ నవ్వులతోసహా ప్రసారముచేయ మొదలిడిరి. వెరైటీ కార్యక్రమములలో శ్రోతలు వినెడి ఆ దూరపు నవ్వు, చప్పట్లు పాత హాలు విడిచిపోయిన ఆస్తి.

కాంటర్‌బరీ హాలు 1942లో జర్మను బాంబుకు కూలిపోయెను. ఆక్స్‌ఫర్డ్ 1926లోనే మూతబడెను. ఎంపైరు 1928లో సినిమాహాలుగ మారెను; అల్హాంబ్రాను 1936లో పడగొట్టిరి. లీడ్స్ నగరమున 1865లో ఒక సత్రమునకు చేర్చి కట్టిన సిటీ వెరైటీస్ హాలు మాత్రము నిలిచినది. 1953నుండి 30 ఏండ్లు బి.బి.సి. టెలివిజనువారు అచ్చటనుండి పాతకాలపు వేషములతో, సుత్తి పట్టిన అధ్యక్షునితో పాటకచ్చేరీలు చూపించిరి. విల్టన్ హాలునుండి మెథడిస్టులు 1956లో వెడలిపోగా అది చింకిగుడ్డలు ఏరు గిడ్డంగియయ్యెను. ఆ పేటనంతయు పడగొట్టదలచిన 1960 తరువాతి దశాబ్దములో జాన్ బెట్జమన్ అను కవియు, మరికొందరును పోరాడి దానిని కాపాడిరి. 1997లో మరల ప్రదర్శనలు మొదలై, 2015 నాటికి మరమ్మతు పూర్తియయ్యెను. మరమ్మతు చేసినవారు గోడలకు క్రొత్త సున్నము వేయక, పాత పొరలను అట్లే ఉంచిరి. మహోగనీ బారు కూడ మరల తెరచిరి. ప్రదర్శనకు వచ్చినవారు ముందు దానిలోనే కూర్చుండి, గంట మ్రోగినపిమ్మట లోపలికి పోవుదురు.